మా ఇంట్లో సమాచార శాఖ

మా ఇంట్లో శాఖల పంపకం పెండ్లయిన కొత్తలోనే జరిగిపోయింది. ఆర్థికం, హోం, పౌరసరఫరాలు మా ఆవిడ తీసుకుంది. తర్వాత విద్యాశాఖ మా బిడ్డకు పోయింది. దేవాదాయం మా అవ్వది. వేములవాడలో ఉంటూ ఆ శాఖ ఇంకొకరికి ఇస్తే రాజన్న ఊరుకుంటాడా? ఇక మిగిలింది సమాచార, ప్రసార శాఖ. అడిగినవాళ్లు లేరు కాబట్టి నాకొచ్చింది. జీతం లేదు, సెలవు లేదు, చెప్పింది వినేవాళ్లు అసలే లేరు. అయినా ఇంత నిష్ఠగా పనిచేసే మంత్రి దేశంలో మరొకడు ఉండడని నా నమ్మకం.

పొద్దున మొహం కడగకముందే శాఖ తెరుచుకుంటుంది. పదో తరగతి బ్యాచ్ గ్రూపు, కాలనీ గ్రూపు, కులసంఘం గ్రూపు, రిటైరైనవాళ్ల గ్రూపు, రాజన్న భక్తుల గ్రూపు. ఇవిగాక దుబాయ్‌లో ఉన్న బామ్మర్ది రాత్రి డ్యూటీ దిగి, నిద్ర పట్టక పంపే వీడియోలు. వాటిని నేను పూర్తిగా చదవను. చదువుతూ కూర్చుంటే నాకంటే ముందు ఇంకెవడో పంపేస్తాడు. మొదటి రెండు లైన్లు చూస్తాను. కోపమొస్తే పంపుతాను, ఏడుపొస్తే పంపుతాను, భయమేస్తే అందరికీ పంపుతాను. ఏమీ రాకపోతేనే ఆగుతాను. ప్రభుత్వ పథకాల దరఖాస్తు తేదీల్లాంటి పనికొచ్చే సంగతులన్నీ ఆ ఏమీ రాని కోవలోకే పోతాయి.

అవ్వకు చదువు రాదు. ఫోన్ ముట్టుకోదు. నేను ఏ వార్త చదివి వినిపించినా ఆమె అడిగేది ఒక్కటే.

"ఎవలు జెప్పిండ్రు కొడుకా?"

"వాట్సాప్‌ల వచ్చిందవ్వా."

"వచ్చుడు సరే తియ్యి. జెప్పిందెవలు?"

అక్కడ నా శాఖ మూతపడుతుంది.

ఫోన్లు రాకముందు మా ఊరు హరిశ్చంద్రుడి కాలనీ ఏమీ కాదు. రాజన్నకు కోడె మొక్కు చెల్లించుకునేవాళ్లు ఆదిలాబాద్ నుంచి, అవతల మహారాష్ట్ర నుంచి వచ్చేవాళ్లు. మొక్కు గుడిలో తీర్చుకుని, కబుర్లు బస్టాండులో దించి పోయేవాళ్లు. ఇక సంతోషిమాత కార్డులు. ఈ కార్డు అందినవారు పదకొండు మందికి రాయవలెను, రాసినాయనకు లాటరీ తగిలింది, చింపినాయనకు నోట్లోంచి రక్తం పడింది. నా దస్తూరీ బాగుంటుందని గల్లీలో ఎవరికి కార్డొచ్చినా నన్నే కూర్చోబెట్టేవాళ్లు. పదిహేను పైసల కార్డులు పదకొండంటే రూపాయి అరవై ఐదు పైసలు. పైగా చెయ్యి నొప్పి. అప్పట్లో అబద్ధానికి కూలి పడేది, కాబట్టి ఐదారు కార్డుల తర్వాత అమ్మవారి మీద భక్తి దానంతటదే తగ్గేది.

తర్వాత "ఓ స్త్రీ రేపు రా" వచ్చింది. రాత్రిపూట దయ్యం తలుపు కొడుతుంది, తలుపు మీద ఆ మాట రాసి ఉంటే చదువుకుని తిరిగిపోతుంది అన్నారు. దయ్యం ఎంతవరకు చదువుకుందని నేను అడగలేదు. అక్షరదోషాలుంటే దానికి అర్థంకాక లోపలికొస్తుందేమోనని సుద్దముక్క పట్టుకుని తలుపు తలుపుకూ తిరిగి దిద్దాను. 1995 సెప్టెంబర్ 21న దేశమంతా వినాయకుడు పాలు తాగిన రోజున నేనూ చెంచా పట్టుకుని లైన్లో ఉన్నాను. నేను పట్టిన పాలు ఆయన తాగాడో, గచ్చు మీదికి కారాయో సరిగ్గా చూడలేదు. ఇంటికొచ్చి మాత్రం తాగాడనే చెప్పాను. అంతసేపు లైన్లో నిలబడ్డవాడు తాగలేదని ఎట్లా చెబుతాడు?

2018 మే నెల సంగతి వేరు. అది చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు గానీ, మంత్రి అన్నాక శ్వేతపత్రం ఇవ్వాలి కదా.

పార్థీ గ్యాంగ్ దిగింది, పిల్లల్ని ఎత్తుకపోతున్నరు, కిడ్నీలు కోస్తున్నరు అని ఒక వాయిస్ మెసేజ్. మాట్లాడేది అచ్చం మన యాసలో, మన పక్కింటాయన లెక్క. మన యాసలో అబద్ధం ఎవరు చెబుతారు? అన్ని గ్రూపుల్లోకీ తోశాను. సాయంత్రానికి ఆ మెసేజే వేరే గ్రూపు నుంచి నాకు తిరిగొచ్చింది. ఇద్దరు చెప్పారంటే నిజమేనని రూఢి చేసుకున్నాను. కాలనీలో గస్తీ మొదలైంది. తలా ఒక కర్ర పట్టుకున్నారు. నాకు దోమతెర కర్ర దొరికింది.

ఒక రాత్రి బస్టాండు వైపు నుంచి భుజాన సంచితో ఒక మనిషి వచ్చాడు. చుట్టుముట్టాం. మొహం మీద టార్చి వేస్తే కండ్లు మూసుకున్నాడు. మొహం దాస్తున్నాడని ఒకాయన అరిచాడు. పేరడిగితే భయానికి నోట మాట రాలేదు. పేరు చెబుతలేడని ఇంకొకాయన. మా వెనక ఎవరో కర్ర లేపారు కూడా. అప్పుడు గొంతు పెగిలింది. "అన్నా, నేనేనే!" చూస్తే మా తోడల్లుడు. సంచిలో మామిడికాయలు.

ఆయనకు కాళ్లు కడుక్కోవడానికి నీళ్లిచ్చాం, అన్నం పెట్టాం. చుట్టం కాబట్టి. అదే నెలలో నిజామాబాద్ జిల్లా భీంగల్ మండలంలో ఒక మనిషిని, హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్‌ను ఇట్లాంటి గుంపులే, ఇట్లాంటి పుకార్లే నమ్మి కొట్టి చంపాయి. వాళ్ల తోడల్లుళ్లు ఆ గుంపుల్లో లేరు. మాకూ వాళ్లకూ అంతకంటే తేడా నాకు కనిపించదు.

అప్పుడు జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఒక పని చేశారు. ఊరికొక పోలీసును అప్పగించి, డప్పు కొట్టించి, పాటలు కట్టించి, ఫోన్లో వచ్చిందల్లా నమ్మొద్దని ఊరూరా చెప్పించారు. ఆమె చూసిన నాలుగు వందల ఊళ్లలో పుకారుకు ఒక్క ప్రాణం పోలేదు. ఉపగ్రహాలు, సముద్రాల కింది తీగలు మోసుకొచ్చిన అబద్ధాన్ని దించడానికి చివరికి డప్పు కావాల్సి వచ్చింది. డప్పు కొట్టేవాడు ఎదురుగా నిలబడతాడు, ఏ ఊరోడివని అడగొచ్చు. జులైలో వాట్సాప్ కంపెనీ మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒకసారికి ఐదు చోట్లకే పంపాలని పరిమితి పెట్టింది. నాకు కోపమొచ్చింది. ఐదైదు చొప్పున విడతలుగా పంపుకున్నాను.

2020 ఫిబ్రవరిలో కోడికూర తింటే కరోనా అన్నారు. హోంశాఖతో సంప్రదించకుండానే ఇంట్లో చికెన్ నిషేధిస్తూ ఉత్తర్వులిచ్చాను. మా ఆవిడ ఆదివారం ఎప్పటిలాగే వండింది. ముక్క ముట్టను, పులుసు మాత్రం తింటానన్నాను. వైరస్ ముక్కలోనే ఉంటుందని, పులుసులోకి దిగదని నాకెవరు చెప్పారో అవ్వ కూడా అడగలేదు. నవ్వాపుకోలేక పక్కకు తిరిగింది. ఫిబ్రవరి 28న హైదరాబాద్‌లో వేదిక మీద మంత్రులే చికెన్ ముక్కలు కొరికి చూపించారు. మా పక్క సిరిసిల్ల ఎమ్మెల్యే కేటీఆర్, అప్పటి హుజూరాబాద్ ఎమ్మెల్యే ఈటల రాజేందర్ ఇద్దరూ అందులో ఉన్నారు. ప్రభుత్వమే తిని చూపించాక నేను ముక్కకు వచ్చాను.

నవ్వులాట అక్కడితో అయిపోయింది. మార్చిలో ఇండోనేషియా నుంచి వచ్చిన పదిమంది మతప్రచారకుల బృందంలో కరోనా ఉన్నట్టు కరీంనగర్‌లో బయటపడింది. మొదటి వారం గ్రూపుల్లో వైరస్ గురించి మాట్లాడుకున్నాం. రెండో వారానికి వైరస్‌కు మతం వచ్చింది. ఒక ముసలాయన వేలు నోట్లో తడుపుకుని పండ్లు సర్దుతున్న వీడియో వచ్చింది. చూశారా, కావాలని అంటిస్తున్నారు, వీళ్ల దగ్గర కొనకండి అని కింద రాసి ఉంది. నాకు కోపమొచ్చింది. కోపమొస్తే ఏం చేస్తానో ముందే చెప్పాను.

మా రాజన్న గుడి ఆవరణలోనే దర్గా ఉంది. కోడె కట్టేసినవాళ్లు అక్కడ కూడా మొక్కి పోతారు. నాకు చిన్నప్పుడు జ్వరమొస్తే నుదుట రాజన్న విభూతి, మెడలో దర్గా దగ్గరి తాయెత్తు. ఆ తాయెత్తు కట్టించుకున్న నేనే ఆ వీడియో పంపాను. మా గల్లీలోకి ఏండ్ల తరబడి అరటిపండ్ల బండి తోసుకొచ్చే ఆయనను ఎవరూ ఏమీ అనలేదు. కొనలేదంతే. నాలుగు రోజులు చూసి, ఆయన గల్లీ మార్చుకున్నాడు. అవ్వకు ఉపవాసం నాడు పండు లేకపోయేసరికి అడిగింది. చెప్పాను. "గాయిననే ఉమ్మిండని ఎవలు జెప్పిండ్రు?" ఆయన కాదవ్వా, వేరే ఆయన. "మరి ఈయనేం జేసిండు?"

ఆ వీడియో మధ్యప్రదేశ్‌లోని రాయ్‌సేన్‌ది. కరోనా గోల మన దగ్గర మొదలవకముందు, ఫిబ్రవరిలో తీసింది. ముసలాయనకు వేలు తడుపుకునే అలవాటుందని ఆయన బిడ్డే చెప్పింది. ఈ సంగతి పేపర్లో చూసి కాలనీ గ్రూపులో పెట్టాను. అబద్ధం పెట్టినప్పుడు దండాలు, పూలు, మంటలు వచ్చాయి. సవరణకు ఒక్కరూ కిక్కురుమనలేదు. ఒకాయన మాత్రం విడిగా ఫోన్ చేసి, "అన్నా, నువ్వు ఎటుదిక్కు?" అని అడిగాడు. అరటిపండ్లకు కూడా ఒక దిక్కు ఉంటుందని ఆ రోజే తెలిసింది.

చెప్పేవాడు కనబడకపోవడం ఒక ఎత్తు. వినేవాడు కనబడకపోవడం ఇంకొకటి. 2024 మార్చిలో మాకు పది పన్నెండు కిలోమీటర్లలో ఉన్న సిరిసిల్లలో పనిచేసిన ఒక డీఎస్పీని అరెస్టు చేశారు. అంతకుముందు పోలీసు నిఘా విభాగమైన ఎస్‌ఐబీలో ఉండగా నాయకుల, వ్యాపారుల ఫోన్లు చాటుగా విన్నారని, ప్రభుత్వం మారగానే హార్డ్ డిస్కులు ముక్కలు చేసి మూసీలో పారేశారని పోలీసుల ఆరోపణ. నిజం కోర్టు తేల్చాలి. నేను మాత్రం ఆ వారమంతా ఫోన్లో గొంతు తగ్గించి, "ఆ విషయం తర్వాత మాట్లాడుదాం" అనడం మొదలుపెట్టాను. అవతల మాట్లాడేది పాలాయన.

"మీ మాట ఇంట్ల మేమే వింటలేము, ఇగ సర్కారోళ్లు వింటరా?" అన్నది మా ఆవిడ.

నిజం చెప్పొద్దూ, కొంచెం బాధేసింది. వినదగ్గవాళ్ల జాబితాలో నేను లేనన్నమాట. మా బిడ్డ నా ఫోన్ తీసుకుని చూసి తల పట్టుకుంది. టార్చి వెలగడానికి ఒక యాప్ వేసుకున్నాను. అది నా కాంటాక్టులు, నా ఫోటోలు, నేను ఎక్కడున్నానో చూడొచ్చా అని అడిగితే మూడింటికీ సరేనన్నాను. "బాపూ, నిన్ను ట్యాప్ చేసుడెందుకు? నువ్వే అన్నీ ఇస్తున్నవ్ గద!" దోమతెర కర్రతో కాలనీని కాపాడిన మనిషికి దక్కిన గౌరవం ఇది.

ఇవ్వడం నాకు పాత అలవాటే. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే చేశారు. రాష్ట్రం వచ్చి మూడు నెలలు కాలేదు. ఆ రోజు ఇల్లు కదలొద్దన్నారు. బస్సులు లేవు, దుకాణాలు మూత. భీవండిలో మగ్గాలు నడిపే మా సిరిసిల్ల దిక్కు నేతన్నలు లెక్కలో పడాలని రాత్రికి రాత్రి ఊళ్లు చేరారు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని అరుగు మీద కూర్చున్నాను. అడిగినవీ చెప్పాను, అడగనివీ చెప్పాను. నా జీవితంలో సర్కారు మా ఇంటికొచ్చి కుర్చీలో కూర్చుని నా మాట రాసుకోవడం అదే మొదలు.

తర్వాత ప్రభుత్వం దగ్గర సమగ్ర వేదిక అనే కంప్యూటర్ వ్యవస్థ వచ్చింది. బండ్ల రిజిస్ట్రేషన్లు, కరెంటు, పన్నులు, ఇట్లా వేర్వేరు శాఖల దస్త్రాల్లో ఉన్న పేర్లను జతచేసి, ఈ ఫలానా మనిషి ఆ ఫలానా మనిషే అని తేలుస్తుందది. హైదరాబాద్‌లో రిక్షా తొక్కే ఒకాయనకు కారుందని తేల్చింది. కారు ఇంచుమించు అట్లాంటి పేరే ఉన్న ఇంకొకాయనది. రేషన్ బియ్యం ఆగిపోయాయి. ఆయన చనిపోయాక భార్య హైకోర్టు దాకా పోతేగానీ కార్డు రాలేదు. ఇది ఒక్కరి కథ. 2014 తర్వాతి ఐదేండ్లలో రాష్ట్రంలో దాదాపు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి, ముందుగా నోటీసు కూడా లేకుండా.

అవ్వకు ఇది చదివి వినిపించాను.

"రిక్షా తొక్కెటోనికి కారున్నదని ఎవలు జెప్పిండ్రు?"

"కంప్యూటరవ్వా."

"ఇంటికొచ్చి చూడాలె గద?"

2022లో సుప్రీంకోర్టు అదే మాట అన్నది. రద్దయిన కార్డులను ఇంటింటికీ పోయి మళ్లీ పరిశీలించమని చెప్పింది. అవ్వ ఇంకా బడికి పోలేదు.

నా దగ్గరి చెత్త పక్కింటికి పోతే మనిషి మనిషిని అనుమానిస్తాడు. కంప్యూటర్ దగ్గరి చెత్త ఇంకో కంప్యూటర్‌కు పోతే మనిషి అన్నమే పోతుంది. నేనైతే దొరుకుతాను, తిట్టొచ్చు. దాన్ని ఎక్కడ పట్టుకుంటారు? ఓట్ల జాబితా సంగతీ అంతే. 2018 డిసెంబర్ 7న అసెంబ్లీ ఎన్నికల్లో ఓటేయడానికి పోయి, జాబితాలో పేరు లేదని వెనక్కి వచ్చినవాళ్లలో బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల కూడా ఉంది. ఎన్నికల ప్రధానాధికారి రజత్ కుమార్ క్షమాపణ అడిగారు. ఆయన పెద్దమనిషి కాబట్టి అడిగారు. పేర్లు తీసేసింది ఎవరో మాత్రం మా అవ్వకు ఇప్పటికీ చెప్పలేకపోతున్నాను.

కండ్లతో చూసింది నమ్మాలంటారు. 2023 నవంబర్ 30న, సరిగ్గా పోలింగ్ రోజు, కేటీఆర్ కాంగ్రెస్‌కు ఓటేయమంటున్నట్టు ఏడు సెకన్ల నకిలీ వీడియో తిరిగింది. మా పక్క నియోజకవర్గం మనిషి, మాకు తెలిసిన మొహం, తెలిసిన గొంతు. ఆరు నెలలు తిరక్కముందే అమిత్ షా రిజర్వేషన్ల ప్రసంగాన్ని కత్తిరించి అతికించిన వీడియో మీద ఢిల్లీ పోలీసులు మన రాష్ట్రందాకా నోటీసులు పంపారు. ఏ పార్టీ నుంచి ఏది పుట్టిందో తేలేలోపు ఓట్లు పెట్టెల్లో ఉంటాయి. అన్ని పార్టీల సోషల్ మీడియా కుర్రాళ్లకూ ఈ పని వచ్చు, అందరి దగ్గరా నా నంబరు ఉంది.

పండుగల్లోకి కూడా వచ్చింది ఈ గొడవ. రాష్ట్రమంతా సద్దుల బతుకమ్మ తొమ్మిదో రోజు. మా వేములవాడలో ఏడో రోజే. ఒక ఏడు నేను టీవీ చూసి, మనం తప్పు చేస్తున్నాం, సద్దులు ఎల్లుండి అని ఇంట్లో ప్రకటన జారీచేశాను. అవ్వ తంగేడు పూలు పేరుస్తూ తలెత్తకుండా అడిగింది: "టీవోడు మనూరోడా?" ఆ రోజు బతుకమ్మ ఏడో రోజే ఆడారు. ఆడారంటే, డీజే పెట్టె పాడింది, ఆడోళ్లు చప్పట్లు కొట్టారు. అవ్వకు వచ్చిన పాటలు అవ్వ నోట్లోనే ఉండిపోయాయి.

మొత్తం చెడే అంటే కండ్లు పోతాయి. మల్యాల మండలం లంబాడిపల్లిలో పిల్లలు మై విలేజ్ షో అని యూట్యూబ్‌లో పెడితే గంగవ్వ లోకానికి తెలిసింది, 2020లో బిగ్‌బాస్ దాకా పోయింది. సినిమాల్లో మన యాస రౌడీకో, నవ్వించేవాడికో ఇచ్చిన రోజులు చూసినవాణ్ని. గంగవ్వ తిడుతుంటే మా ఆవిడ నవ్వి నవ్వి కూర మాడ్చేది. ఆ మాడిన కూర మీద నాకు ఫిర్యాదు లేదు. గంగవ్వ మొహం కనిపిస్తుంది, ఊరు తెలుసు, ఎవరి మీద కోపమొచ్చిందో ఆమే చెబుతుంది.

రాజకీయ ప్రచారం మా ఊరికి కొత్తదని మీరు అనుకుంటే పొరపాటు. వేములవాడ చాళుక్యుల్లో రెండో అరికేసరి కొలువులో పంపకవి కన్నడంలో భారతం రాసి, అర్జునుడిలో తన రాజును నిలబెట్టాడు. 941లో. అగ్రహారం కూడా ముట్టింది. కవిత్వం గొప్పదే, అది వేరే సంగతి. కానీ రాసిందెవరు, ఎవరిని పొగడడానికి రాశాడు, ఏం పుచ్చుకున్నాడు అన్నీ బహిరంగం. ఆయన తమ్ముడు జినవల్లభుడు గంగాధర దగ్గర కుర్క్యాల గుట్ట మీద సంస్కృతం, కన్నడం, తెలుగు మూడింటిలో శాసనం చెక్కించాడు. అందులో తెలుగు కంద పద్యాలున్నాయి. వెయ్యేండ్లు దాటినా రాయించిందెవరో తెలుస్తోంది. పొద్దున నా ఫోన్లోకి వచ్చింది ఎవరు రాశారో మధ్యాహ్నానికి తెలియదు.

ఈ మధ్య మా బిడ్డ ఒక ఆర్డినెన్స్ తెచ్చింది. ఏది పంపాలన్నా ముందు అవ్వకు చదివి వినిపించాలి, ఆమె ప్రశ్నకు జవాబు దొరికితేనే పంపాలి. అప్పటి నుంచి నా శాఖ పని బాగా పలచబడింది. నాకు ఆరోగ్యం బాగాలేదని గ్రూపుల్లో వార్త పుట్టింది. త్వరగా కోలుకోవాలని ఒకరిద్దరు పూలగుత్తుల బొమ్మలు కూడా పంపారు. ఎవరు చెప్పారని అడిగితే, "వచ్చిందన్నా" అన్నారు.

ఈ వ్యాసం మీకు నచ్చితే ఫోటో తీసి మీ గ్రూపుల్లో పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. పెట్టేటప్పుడు రాసినవాడి పేరు మాత్రం కత్తిరించకండి. తిట్టదలచుకున్నవాళ్లు నేరుగా మా ఇంటికే రావాలి. హోంశాఖ వారు చాయ్ ఇస్తారు.